ఏ నరం?

నేను డాక్టరునే. ఈ ముక్క ముందుగా చెప్పేయడం నాకు అలవాటైపోయింది, ఎందుకంటే నన్ను చూసి ఎవరూ ఆ మాట అనుకోరు. శంషాబాద్ దగ్గర బెంగుళూరు హైవే పక్కన కొత్తగా పెట్టిన ఒక వైద్య కళాశాలలో నేను అనాటమీ ట్యూటరుగా చేరాను. విమానాశ్రయం వచ్చి అప్పటికి రెండేళ్లు. మావాళ్లది కోనసీమ వైపు, నాన్నగారి ఉద్యోగం వల్ల హైదరాబాదులో స్థిరపడ్డాం. పెళ్లిళ్లలో మా పెద్దమ్మ నన్ను బంధువులకి పరిచయం చేసే తీరు ఇది: "మా చెల్లెలి కూతురండీ. డాక్టరే. కాకపోతే బతికున్నవాళ్లకి కాదు." అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి.

కాలేజీ బస్సు ఆరాంఘర్ చౌరస్తాలో ఎక్కేదాన్ని. బస్సులో ముందు సీట్లు ఆస్పత్రి డాక్టర్లవని ఎక్కడా రాసి లేదు గానీ అందరికీ తెలుసు. మెడిసిన్, సర్జరీ, గైనిక్ వాళ్లు ముందు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్లం వెనక. ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడాది పిల్లలు చదివేది మా మూడే. ఒంట్లో ఏది ఎక్కడుంది, ఎలా పనిచేస్తుంది, ఏ రసాయనంతో నడుస్తుంది అన్నది తెలిశాకే రోగం జోలికి పోవాలని ఆ ఏర్పాటు. వెనక సీట్లలో కూడా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసన ఎంత సబ్బు రుద్దినా పోదు మరి.

ఒకరోజు ముందు సీట్లోంచి ఒక సర్జన్‌గారు వెనక్కి తిరిగారు. "ఏమ్మా, మీరు ఏడాదిపాటు ఆ పిల్లలచేత అవన్నీ బట్టీ పట్టించడం దేనికి? నాలుగు నెలల్లో ముగించి మా వార్డుకి పంపేయండి. కావలసినవి నేను చూపిస్తాను కదా."

"మీరు కోసినంత మేర మీరు చూపిస్తారండీ. కోయకూడని చోటు ఎవరు చూపిస్తారు?" అన్నాను.

"కోపం మాత్రం మా క్లినికల్ వాళ్లని మించిందే," అన్నారాయన. బస్సంతా నవ్వింది.

నాది ముక్కు మీద కోపమే, కాదనను. మొదటి ఏడాదిని గండంలా గట్టెక్కి, పరీక్ష అయిన మర్నాడు ఒంటి భాగాల బొమ్మలున్న అట్లాసు అమ్మేసుకునే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పునాది మట్టిలో ఉంటుంది కాబట్టి ఎవరికీ పట్టదు, గోడ బీట తీసినప్పుడు మాత్రం అందరూ కిందకి చూస్తారు. ఆ కోపం ఒక పిల్ల మీదికి ఎలా మళ్లిందో, అక్కణ్ణుంచి నా మీదికే ఎలా తిరిగొచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ పిల్లది సాతంరాయి దగ్గర ఒక పల్లె. వాళ్లది వ్యవసాయం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఊరు మొత్తం మీద డాక్టరు చదువుకి వచ్చిన మొదటి మనిషి. క్లాసులో ఎప్పుడూ మూడో వరసలో గోడ పక్కన కూర్చునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు, నేను చెప్పేది మాత్రం తల ఎత్తకుండా రాసుకునేది. ఇంగ్లీషు అందని ఇలాంటి పిల్లలు క్లాసుకి పదిమందైనా ఉండేవారు. వాళ్లకోసం నేను పాఠం అయ్యాక మళ్లీ శవం దగ్గర నిలబడి తెలుగులో చెప్పేదాన్ని. మిగతా టీచర్లెవరూ అలా చెయ్యరని నాకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. బల్లల మీద భాగాలు సర్దడం, పిల్లల్ని పిలవడం నా పని. ఈ పిల్ల వంతు వచ్చింది. తొడ ముందు భాగం విప్పి ఉంచిన బల్ల దగ్గర ఆయన ఆమెను నిలబెట్టి, "ఫిమరల్ నర్వ్ చూపించు," అన్నారు. తొడ మొదట్లో మూడు పక్కపక్కనే దిగుతాయి. బయటివైపు కండకి కదలమని కబురు మోసే నర్వ్, మధ్యలో మంచి రక్తం తెచ్చే ఆర్టరీ, లోపలివైపు చెడు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే వీన్. ఆ పిల్ల ఒక్క క్షణం తడుముకోలేదు. పట్టకారు తీసుకెళ్లి నేరుగా వీన్ మీద పెట్టింది.

"మళ్లీ చూడమ్మా," అన్నారాయన. మంచి మనిషి, అవకాశం ఇచ్చారు.

ఆమె మళ్లీ చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఫలితాలు వచ్చాయి. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ గట్టెక్కింది, అనాటమీ పోయింది. తోటి పిల్లలు తెల్లకోట్లు వేసుకుని రెండో ఏడులోకి, వార్డుల్లోకి వెళ్లిపోయారు. ఈమె సప్లిమెంటరీ పరీక్ష కోసం కింద మిగిలింది.

డిపార్ట్‌మెంట్‌కి పిలిపించి చెడామడా తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఏడాదిపాటు నేను ఎవరికి చెప్పానని, నర్వ్‌కీ వీన్‌కీ తేడా తెలియనిదానివి రేపు రోగి మీద చెయ్యి ఎలా వేస్తావని, నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె గోడవైపు చూస్తూ నిలబడింది. చివరికి చాలా మెల్లగా, "నరమే గద మేడం నేను చూపిచ్చింది," అంది.

"అది నరం కాదు."

"మీరే చెప్పిండ్రు మేడం."

"నేనా? నోట్సు పట్రా."

అబద్ధం అక్కడికక్కడే పట్టుకుందామని నా పంతం. ఆమె సంచిలోంచి పొడుగాటి లాంగ్ నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది. నేను తెలుగులో చెప్పినదంతా తెలుగులోనే, మాట పొల్లు పోకుండా రాసుకుంది. పేజీలు తిప్పాను. మోచేతి బొమ్మ దగ్గర ఇలా ఉంది: "ఇక్కడ నరం పైకే కనిపిస్తుంది, రక్తం తీయడానికి వీలు." రెండు పేజీల తర్వాత చంక దగ్గర: "ఇక్కడినుంచి నరాలు చేతిలోకి వెళ్తాయి, ఇవి దెబ్బ తింటే చెయ్యి లేవదు." ఒకటి వీను, ఇంకొకటి నర్వు. రెంటికీ నేను వాడిన మాట ఒక్కటే. రెండు వాక్యాల కిందా చిన్న అక్షరాలతో "మేడం చెప్పింది" అని రాసి ఉంది.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు.  తెలుగువాళ్లం మనం ఇంట్లో అన్నిటినీ నరం అనే అంటాం. సూది గుచ్చబోతే నరం దొరకలేదంటాం, అది వీను. వేళ్లు తిమ్మిరెక్కితే నరాల బలహీనత అంటాం, అది నర్వు. పిక్క పట్టేస్తే నరం పట్టిందంటాం, అది రెండూ కాదు, కండ. పుస్తకాల్లో తెలుగు లేదా అంటే ఉంది. సిర, ధమని, నాడి. కానీ నాడి అంటే ఇంట్లో వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసేది కదా. ఇంగ్లీషు మీడియం పిల్లలకి నర్వ్ వేరు, వీన్ వేరు. ఈ పిల్లకి నేను దయతలచి చేసిన అనువాదమే ఆ రెంటినీ ఒకటి చేసింది.  తిట్టినందుకు క్షమించమని అడగాలని తెలుసు, కానీ నోరు రాలేదు.

"సప్లిమెంటరీలో పాసవుతావు," అన్నాను, చివరికి.

"కాకపోతే ఇగ రాను మేడం." ఏడుస్తూ అనలేదు, ముందే తేల్చుకున్నట్టు అంది. "పొద్దున బస్సుల మా ఊరోళ్లు అడుగుతున్నరు, దవాఖానల చేస్తున్నవా బిడ్డా అని. నా జతోళ్లు తెల్లకోట్లతోని పైకి పోతున్నరు. ఒక్కసారంటే ఎట్లనో ఓర్సుకున్న. ఇంకోసారి ఫెయిలైతే ఇంటికాడనే ఉంట."

"ఇంకోసారి నువ్వు తప్పితే తప్పింది నేనని అర్థం. అది జరగనివ్వను," అన్నాను. ఆ పూట నేను చెప్పగలిగిన క్షమాపణ అంతే.

డిపార్ట్‌మెంటు హెడ్ దగ్గరికి వెళ్లి, రోజూ ఉదయం ఏడున్నరకి శవాలుండే డిసెక్షన్ హాలు తెరిపించమని అడిగాను. కొత్త బ్యాచ్ వచ్చేసింది, ఎనిమిదిన్నరకి బల్లలు వాళ్లవి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సప్లిమెంటరీ పిల్ల కోసం ఎవరైనా ఇంత పెట్టుకుంటారటమ్మా? నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు బట్టీ పట్టించు, గట్టెక్కుతుంది."

"గట్టెక్కడం కాదండీ, తెలియాలి," అన్నాను.

ఆయన తాళంచెవుల గుత్తి నా ముందు పెట్టారు. హాల్లో అటెండరు మామిడిపల్లి మనిషి. పెద్దాయన. ఆయన పొద్దున్నే వచ్చి బల్ల మీద గుడ్డ తీసి, మేము పని మొదలుపెట్టేముందు శవానికి ఒకసారి దండం పెట్టి పక్కకి వెళ్లేవాడు. ఆ పిల్లా పెట్టేది. ఆమెను చూసి నేనూ అలవాటు చేసుకున్నాను.

మొదటి రోజు ఒక నియమం పెట్టాను. ఈ హాల్లో నరం అనే మాట ఎవరూ అనకూడదు. అంటే ఆ రోజు చదివిన భాగమంతా చూడకుండా అప్పగించాలి. నాకూ అదే నియమం. మొదటి వారంలో ఆ పిల్ల అప్పగించింది రెండుసార్లు, నేను అప్పగించింది అయిదుసార్లు. ప్రతిసారీ ఆమె ముఖం పక్కకి తిప్పుకుని నవ్వేది. ఆ పిల్ల నవ్వగలదని నాకు ఏడాదిపాటు తెలియనే తెలియదు.

రెండో నియమం, కళ్లతో చూసి పేరు చెప్పకూడదు, వేళ్ల మధ్య పెట్టి నలిపి చెప్పాలి. వీను మెత్తగా ఉంటుంది, నొక్కితే చదునుగా అతుక్కుపోతుంది. ఆర్టరీ గోడ మందం, నొక్కి వదిలితే మళ్లీ గుండ్రమవుతుంది. నర్వు లోపల ఖాళీ ఉండదు. వేళ్ల కింద గట్టిగా, పేనిన తాడులా దొర్లుతుంది. కళ్లు మూసుకోమని ఒక్కొక్కటే ఆమె వేళ్లకి అందించేదాన్ని. మొదట్లో పదింటికి ఆరు తప్పేది. నెల తిరిగేసరికి నేను కావాలని మోసం చేసినా తప్పేది కాదు.

ఇంట్లో ఈ నియమం వల్ల పరువు పోయింది. "మోకాలి దగ్గర నరాలు లాగేస్తున్నాయే," అంది మా అమ్మ ఒకరోజు. "ఏ నరం అమ్మా? నీలంగా పైకి కనబడుతోందా, లేకపోతే లోపల జివ్వుమంటోందా?" అని అడిగాను. మా అమ్మ నావైపు ఎగాదిగా చూసి, "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా. కొబ్బరినూనె పట్రా," అంది. తెచ్చి రాస్తూ చూశాను. వీనే, ఉబ్బి మెలికలు తిరిగింది. అంతకుముందు ఎన్నిసార్లు నూనె రాశానో, ఒక్కసారీ చూడలేదు.

పరీక్షకి నాలుగు వారాలుందనగా పిర్ర భాగం మొదలుపెట్టాం. పైన మందపాటి కండ ఉంటుంది, దాన్ని ఒక పక్కకి మడిచి లేపితే కింద ఒంట్లోకెల్లా లావైన నర్వు కనబడుతుంది. సయాటిక్. బొటనవేలంత ఉంటుంది. కళ్లు మూసుకోమని ఆమె చేతికి అందించాను. నలిపింది. కళ్లు తెరిచింది. పేరు చెప్పలేదు. దాన్ని పట్టుకునే ఉంది.

"చెప్పు," అన్నాను.

"గిది యాడికి పోతది మేడం?"

"తొడ వెనకగా దిగుతుంది. మోకాలు వెనక రెండుగా చీలి అరికాలు దాకా పోతుంది. పాదాన్ని పైకి లేపేది ఇదే."

"సూది గిక్కడ పడితే?"

"పాదం వేలాడిపోతుంది. అందుకే పైన, బయటివైపు ఇవ్వాలని చెప్పేది."

ఆమె దాన్ని మెల్లగా మళ్లీ దాని చోట్లో పెట్టేసింది. చేతి తొడుగులు తీసేసి, స్టూలు మీద కూర్చుని చెప్పింది. వాళ్ల నాన్నకి పెళ్లి కాకముందు జ్వరమొస్తే ఊళ్లో వైద్యం చేసే మనిషి ఒకడు నడుం కింద సూది వేశాడట. లేచి నిలబడేసరికి కుడి పాదం లేవలేదు. అప్పట్నుంచి ఈడ్చుకుంటూనే నడుస్తాడు. చెప్పు జారిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో మడమకి కట్టుకుంటాడు.

"సూది నరానికి తగిలింది అన్నరు మేడం. మా నాయినమ్మ అనేది, నరం తెగి నెత్తురు పాడైంది, అందుకే కాలు ఎండిపోయిందని. ఊరంత గదే అంటరు. మా బాపు గూడ గదే నమ్మిండు. మా చిన్నాయినకు హైవే మీద ఆక్సిడెంట్ అయినప్పుడు నెత్తురు కావాలన్నరు. అందరు పోయి ఇచ్చిండ్రు. మా బాపు దవాఖాన బయటనే కూసున్నడు. నాది పాడు నెత్తురు, నాది ఎక్కిస్తే తమ్ముడు గూడ పాడయితడు అన్నడు. చిన్నాయిన బతికిండు గని, సొంత అన్న నెత్తురు ఇయ్యలే అని మనసుల పెట్టుకున్నడు. అప్పట్నుంచి ఇద్దరికి మాటల్లేవు."

పరీక్షలో పట్టకారు ఎందుకంత ధీమాగా వీన్ మీదికి వెళ్లిందో అప్పుడు తెలిసింది. నరం అంటే నెత్తురు పోయేదని ఆమెకి నేను చెప్పకముందే ఇంట్లో చెప్పారు. నేను వచ్చి దానికి ముద్ర వేశాను.

"ఈ సాయంత్రమే ఇంటికెళ్లి మీ నాన్నగారికి చెప్పు. ఆయన రక్తానికి ఏమీ కాలేదని చెప్పు," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు చెప్తే ఎవరు ఇంటరు మేడం? పరీక్ష తప్పినదాని మాట. ఆ నరం సంగతి తెల్వకనే ఫెయిలైంది అంటరు, నిజమే గద. పాసయినంక చెప్త."

"తప్పితే?"

"తప్పితే చెప్పను. నాకు తెల్వనట్టే ఉంట."

అప్పటిదాకా ఆ పరీక్ష ఆమె చదువుకి సంబంధించినది. ఆ రోజునుంచి అది వాళ్ల నాన్నది కూడా.  ఏడున్నరకి బదులు ఏడింటికే రమ్మన్నాను. తెలంగాణ బందుల రోజులవి, ఎప్పుడు బస్సు ఉంటుందో ఎప్పుడు ఉండదో తెలియదు. బస్సు లేనిరోజు ఆమె పాలు పోసే ఆటోలో వచ్చేది. నేను ఒకరోజు రాలేకపోతే అటెండరు పెద్దాయనే ఆమె ఎదురుగా కూర్చుని, ఏమీ అర్థం కాకపోయినా, ఆమె అప్పగిస్తుంటే పుస్తకం పట్టుకుని విన్నాడట.

పరీక్ష రోజు. ఎవరికి ఏ భాగమో చీటీ తీసి తేల్చడం మా దగ్గర పద్ధతి. బల్లలు నేనే సర్దాను. సయాటిక్ ఉన్న భాగం ఆమె నిలబడే బల్ల మీదికి తోసేయాలని నా మనసు పీకింది, ఆ మాట దాచను. అలా చేస్తే నేర్పినట్టు కాదు, మోసుకెళ్లినట్టు అవుతుంది. చీటీల గిన్నె ఆమె ముందు పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను. తీసింది. విప్పింది. తొడ ముందు భాగం. పోయినసారి ఎక్కడ పడిందో అక్కడికే వచ్చింది.

ఈసారి వచ్చిన ఎగ్జామినర్ వేరే మనిషి, గుంటూరు వైపు మాట. నవ్వని ముఖం. ఆయన ఇంగ్లీషులో అడిగారు, ఫిమరల్ నర్వ్ చూపించమని.   ఆమె పట్టకారు తీసుకోలేదు. వేళ్లు పెట్టింది. లోపలివైపుది నలిపింది, వదిలింది. మధ్యలోది నలిపింది, వదిలింది. బయటివైపుది రెండు వేళ్ల మధ్య దొర్లించింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారాయన, తెలుగులో.

"చూసి చెప్పద్దన్నరు సర్ మా మేడం. పట్టుకొని చెప్పాలన్నరు. గిది వీన్ సర్, నొక్కితే అతుక్కుంటది. గిది ఆర్టరీ. నర్వ్ గిది సర్." అప్పుడు తీసుకుంది పట్టకారు. సరిగ్గా పెట్టింది.

ఆయన నావైపు ఒకసారి చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. పైన విమానం ఒకటి దిగుతోంది, దాని చప్పుడు పోయేదాకా ఆయన ఆగారు. తర్వాత ప్రతి పిల్లనీ అడిగే ప్రశ్నే ఆమెనీ అడిగారు. "పిర్రకి ఇంజెక్షన్ ఎక్కడ ఇవ్వాలి?"

"పైన, బయటివైపు సర్."

"కింద లోపలివైపు ఇస్తే?"

"సయాటిక్ నర్వ్ మీద పడ్తది సర్. పాదం లేవదు. నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటయ్, అందుకని మోకాలు ఎత్తెత్తి ఏస్తరు. చెప్పు నిలవదు. కట్టుకోవాలె. మోకాలు కింద ముందువైపు కండ ఎండిపోతది. ఎండకాలం కాలు కాలినా తెల్వదు, పుండయినంక చూసుకుంటరు."

ఆయన తల ఎత్తారు. "ఈ చెప్పు కట్టుకోవడం, కాలడం, ఇదంతా ఏ పుస్తకంలో చదివావు?"

"మా ఇంట్లనే ఉన్నది సర్," అంది.

ఆయన మార్కుల కాగితం మీద ఏదో రాసి, "వెళ్లమ్మా," అన్నారు. ఆ గొంతులో ఏముందో నాకు అందలేదు. ఫలితం వచ్చేదాకా ఆ "వెళ్లమ్మా"ని నేను వంద రకాలుగా అనుకుని చూశాను.

పాసయింది. నోటీసు బోర్డు దగ్గర ఆమె తన నంబరు మీద వేలు పెట్టి నిలబడింది. నేనే ఏడ్చాను. బస్సులో ఆ సాయంత్రం ముందు సీట్లో, సర్జన్‌గారి పక్కన ఖాళీ ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఆయన కర్చీఫు తీసి ముక్కుకి పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఆమె వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని డిపార్ట్‌మెంట్‌కి వచ్చింది. వరండాలో వస్తుంటేనే తెలిసింది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు టప్పుమని. నలభై అయిదేళ్లుంటాయి. సంచి నిండా టమాటలు తెచ్చారు, పైన కొత్తిమీర కట్ట. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నారు.

"నా బిడ్డను పాస్ చేసిండ్రు మేడం."

"నేను కాదండీ. తనే పాసయింది."

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. నా కాలు సంగతి బిడ్డకు తెలిసిందట. పాసయినంక నిన్ననే అన్నది, ఏందని అడిగితే మేడం ముంగట చెప్త అన్నది. నాకు పోయింది ఏ నరం మేడం?"

జవాబు నా నాలుక మీదే ఉంది. ఏడాదిన్నర కిందటి నేనైతే గబగబా చెప్పేసేదాన్ని, తెలుగులో, గర్వంగా. నోరు మూసుకుని ఆ పిల్లవైపు చూశాను.

ఆమె నేల మీద గొంతుక్కూర్చుని వాళ్ల నాన్న పాదం తన మోకాలి మీద పెట్టుకుంది. సైకిల్ ట్యూబు ముక్క విప్పి చెప్పు తీసింది. "బాపు, మన బోరు మోటరుకు ఏమేం ఉంటయ్?"

"ఏముంటయ్. పైపు ఉంటది, వైరు ఉంటది."

"పైపుల నీళ్లు పోతయ్. వైరుల కరెంట్ పోతది. ఒంట్ల గూడ రెండు ఉంటయ్. రెండింటిని మనం నరం అనే అంటం. సూది పడ్డది నీ వైరు మీద." నడుం దగ్గర మొదలుపెట్టి, తొడ వెనకగా, మోకాలు పక్కగా, పాదం దాకా చీర కుచ్చిళ్లు సర్దినంత నెమ్మదిగా వేలితో గీసి చూపించింది. "గిట్ల వస్తది. గిది తెగింది, అందుకే పాదం లేస్తలేదు. పని లేక కండ ఎండింది. పైపుకు ఏం కాలే. నీ నెత్తురు ఎప్పుడు పాడు కాలే బాపు. అప్పుడు గూడ మంచిదే."

ఆయన చెయ్యి జాపి, కూతురు గీసిన దారినే తన వేలితో మోకాలి దాకా ఒకసారి గీసుకున్నారు.

"మరైతే తమ్మునికి నేను ఇయ్యొచ్చుండె," అన్నారు.

 ఆయన చెప్పు తొడుక్కున్నారు, ట్యూబు ముక్క తనే కట్టుకున్నారు, లేచి నిలబడ్డారు. "ఇప్పుడు తీస్కుంటరా మేడం? ఈడ దవాఖాన ఉన్నది గద."

"ఎవరికోసమండీ?"

"ఎవరికైతే ఏంది."

కాలేజీ వెనకే ఆస్పత్రి, కింది అంతస్తులో బ్లడ్ బ్యాంకు. ముగ్గురం నడిచి వెళ్లాం. బరువు చూశారు, వేలి కొనన చుక్క తీసి చూశారు, బాగుందన్నారు. మంచం మీద పడుకోబెట్టారు. టెక్నీషియన్ మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, లోపలివైపు రెండు వేళ్లతో తట్టి, "నరం మంచిగ దొరికింది పెద్దాయనా. పిడికిలి పట్టు," అన్నాడు.

 ఆయన పిడికిలి పట్టలేదు. తల తిప్పి కూతురివైపు చూశారు.

"గిది పైపేనా బిడ్డా?"

"పైపే బాపు."

అప్పుడు పిడికిలి పట్టారు.